డెబ్బైకి కొన్నవాడు

మా కంపెనీ ఆన్‌లైన్‌లో అమ్మే డిజిటల్ కాయిన్ ఒకటంటే ఒక డాలరు. ఒక సెంటు ఎక్కువ కాదు, తక్కువ కాదు. మా తమ్ముడికి ఆ మాట చెప్పింది నేనే. వాడు కళ్లజోళ్ల షాపులో పంతొమ్మిదేళ్లుగా అద్దాలు అరగదీస్తున్నాడు. యజమాని షాపు అమ్మేస్తానంటే, నోరు కట్టుకుని, కడుపు కట్టుకుని కూడబెట్టిన పదివేల డాలర్లూ, కట్టే రోజుదాకా భద్రంగా ఉంటాయన్న నా మాట మీద కాయిన్లలో పెట్టాడు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా పదివేలు అడ్వాన్సు కట్టాలి. లేకపోతే షాపు పక్కనున్న మందుల షాపువాడికి పోతుంది.

ఆ శుక్రవారం పొద్దున్నే ఎవడో మహానుభావుడు, జనం కాయిన్లు కొని అమ్ముకునే ఎక్స్ఛేంజిలో, కోట్ల కాయిన్లు ఒక్కసారే అమ్మకానికి కుమ్మరించాడు. అక్కడ ధర చెప్పేది మేం కాదు, కొనేవాడు. కొనేవాళ్లు జడుసుకుని తప్పుకున్నారు. పదింటికి తొంభై సెంట్లు, పన్నెండింటికి ఎనభై.

అప్పుడు కూడా మా ఆఫీసులో కాయిన్ ఇచ్చినవాడికి డాలరు ఇస్తూనే ఉన్నాం. నా ఉద్యోగమే అది, వచ్చిన కాయిన్లు సరిచూసి డాలర్లుగా మార్చి పంపడం. కాకపోతే ఒక మెలిక ఉంది. లక్ష కాయిన్లకి తక్కువ తెచ్చినవాడి మొహం కూడా చూడం. చిన్నవాళ్లంతా ఎక్స్ఛేంజికి పోయి ఎంతొస్తే అంతకి తెగనమ్ముకోవాల్సిందే. పెద్దవాళ్లు అక్కడ చవగ్గా ఏరుకుని, మా దగ్గరికొచ్చి పూర్తి డాలరు పట్టుకుపోతారు. వాళ్లలా కొనేకొద్దీ ధర మళ్లీ లేస్తుంది. ఇందులో దొంగతనమేమీ లేదు, రూల్సులో రాసే ఉంది.

నా పక్క సీటువాడిని అందరం గుండు అంటాం. వాళ్లావిడ పేరు మీద మా దగ్గర ఒక పెద్ద ఖాతా ఉంది.

"తొంభై వేల కాయిన్లు పోగయ్యాయండీ," అన్నాడు నా చెవిలో. "ఇంకో పదివేలు పడితే లక్ష. మూడింటికి కౌంటరు మూసేస్తారు. ఆ పదివేలు మీరు వేయండి, మీ లాభం మీకే."

రెండున్నరకి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, డెబ్బై రెండుకి పడిపోయింది! నీకు దండం పెడతా, మీ ఆఫీసులో నావి మార్చిపెట్టు."

"లక్ష ఉండాల్రా."

"ఎవరి లక్షలోనైనా నా పదివేలు కలపకూడదా?"

కలపొచ్చు. సరిగ్గా ఆ పదివేల కోసమే గుండు నా ఎదురుగా నోరు తెరుచుకుని కూర్చున్నాడు. నేను ఒక్క మాట అంటే మావాడి పదివేలూ చిల్లిగవ్వ తగ్గకుండా వాడి చేతికి వచ్చేవి.

నిజం చెబుతున్నా, ఆ క్షణంలో నాకు జాలి రాలేదు. ఒళ్లు మండింది. చిన్నప్పటి నుంచీ మీగడ వాడికి, అడుగంటింది నాకు. చదువు మానేసి పనిలోకి వెళ్లింది నేను, పాపం చిన్నోడు అనిపించుకున్నది వాడు. ఇప్పుడు కూడా వాణ్ణి నేనే చంకనెత్తుకోవాలా?

"కుదరదురా," అన్నాను. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, డెబ్బై సెంట్ల చొప్పున పదివేలు కొంటానని ఎక్స్ఛేంజిలో పెట్టాను.

"అక్కా, ఎవడో డెబ్బైకి పదివేలూ ఒకేసారి తీసుకుంటానంటున్నాడు. ఇచ్చేయనా, ఆగనా?"

"ఇంకా పడుతుందేమో మరి. నీ ఇష్టం."

"నా ఇష్టం అంటే ఎలా అక్కా? నాకేం తెలుసు? నువ్వు చెప్పు."

"ఇచ్చెయ్."

నా కంప్యూటర్‌లో పదివేలు వచ్చి పడ్డాయి. అవతల వాడు ముక్కు చీదడం వినిపించింది.

"అమ్మేశానక్కా."

"ఏడవకురా వెధవా," అన్నాను.

మూడింటికి పది నిమిషాల ముందు మా లక్ష కౌంటర్లో పడింది. మూడున్నరకి నా ఏడు వేలు పదివేలై వచ్చాయి. ఆటో ఎక్కి షాపుకెళ్లాను. తమ్ముడు ఏడు వేలు బల్ల మీద పెట్టి యజమాని కాళ్లావేళ్లా పడుతున్నాడు. ఆయన ఫోన్ తీసి మందుల షాపువాడి నంబరు వెతుకుతున్నాడు. నేను మూడు వేలు తీసి పక్కన పెట్టాను. షాపులో సగం వాటా నా పేర రాయమన్నాను. ఊరికే ఇస్తే నీకే చిన్నతనం అని కూడా అన్నాను. వాడు రాసిచ్చి, నా చేతులు పట్టుకుని భోరుమన్నాడు.

ఆరింటికి కాయిన్ తొంభై తొమ్మిది. మనలాంటివాళ్లు కొనబట్టే నిలబడిందండీ అని గుండు తెగ మురిసిపోయాడు.

నిన్న మా పాపకి కళ్లజోడు పెట్టించడానికి షాపుకి తీసుకెళ్లాను. డబ్బు తీసుకుంటాడా వాడు! మేనకోడల్ని ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, కొత్త అద్దాలు ఊది తుడిచి, చెవుల వెనక ఒత్తుకోకుండా కాడలు రెండుసార్లు వేడిచేసి వంచాడు. వంచుతూనే ఎప్పటి పాటే ఎత్తుకున్నాడు.

"ఆ డెబ్బైకి కొన్నవాడున్నాడు చూడు, వాడి కడుపు కాలా! వాడి పిల్లల కళ్లు పోను!"

"చాల్లే, ఊరుకో," అన్నాను.

"ఊరుకోవడమేంటి? నీ తమ్ముడి నోటి దగ్గర కూడు లాక్కున్నాడక్కా వాడు! నీకు మంటగా లేదూ? నువ్వూ అను."

పాప కొత్త కళ్లజోడులోంచి నా వంకే చూస్తోంది. వాడు చేతిలో పని ఆపి ఎదురుచూస్తున్నాడు.

"వాడి పిల్లల కళ్లు పోను," అన్నాను.