గీత ఉన్న వైపు

మేనకోడలు ఈ ప్రయోగశాలలో చేరి నెల కాలేదు, అప్పుడే మేనత్త కొంప ముంచే పని ఆమె నెత్తిన పడింది. అత్త పొరలు వేస్తుంది, మేనకోడలు వాటిని పరీక్షిస్తుంది. గాలి తోడేసిన ఉక్కు పీపాలో లోహాన్ని ఆవిరి చేసి, గాజు ముక్క మీద వెంట్రుకలో వెయ్యో వంతు మందాన నానో రేణువుల పొర పేర్చడం అత్త విద్య. ఆ పొర కంటికి ఆనదు. అది పట్టిన గాజుకు మాత్రం మసక పట్టదు, నీటి చుక్క నిలవక పరుచుకుంటుంది.

మేనకోడలు వచ్చినప్పటి నుంచి ఒక్క పొరా నెగ్గలేదు. చుక్క వేస్తే గుబ్బలా కూర్చునేది. ఎక్స్-రే యంత్రంలో పెడితే ఉత్త గాజు తప్ప ఏమీ కనబడేది కాదు. పీపా ముసలిదైపోయిందని కొందరు, పీపా కాదు ఆవిడే అని కొందరు, ఎవరి నోటికొచ్చింది వాళ్లన్నారు. పక్కవాళ్ల యంత్రం మూలపడుతుందంటే మనుషులకు ఎక్కడలేని హుషారొస్తుంది. మధ్యాహ్నంలోగా నివేదిక కావాలన్నాడు డైరెక్టరు. మేనకోడలు సంతకం పెడితే పీపా తుక్కులోకి, అత్త ఫైళ్ల గదిలోకి.

"రాసెయ్యవే, మొహమాటపడకు," అంది అత్త పొద్దున్నే. "మేనత్తని కదా అని అంకెలు మార్చావంటే ఇద్దరి పరువూ పోతుంది."

"నువ్వు గట్టిగా ఒక్క మాటైనా అనవేంటత్తా?"

"నీ పరీక్షలో లేనిది నేను అరిస్తే వస్తుందా?"

మేనకోడలు బరువెక్కిన మనసుతో చివరి ముక్కను డబ్బాలో పెట్టబోయింది. దాని మీద తన వేలిముద్ర కనబడితే, ఎలాగూ పారేసేదే కదా అని, కళ్లజోడు తుడిచినట్టు నోటితో ఊదింది. మసక పట్టింది. తుడిచి, తిప్పి, రెండో వైపు ఊదింది. పట్టలేదు. మళ్లీ ఊదింది. గాజు నిగనిగలాడుతూనే ఉంది. ఆ వైపు మూలన వజ్రపు మొనతో గీసిన చిన్న గీత ఉంది.

ఆమెకు అప్పుడు తట్టింది. తను చదువుకున్న చోట గుర్తు గీత పొర పడని వెనక వైపు గీసేవాళ్లు. అందుకని చేరిన రోజు నుంచీ గీత కనబడిన ప్రతి ముక్కనూ కళ్లు మూసుకుని తిరగేసింది. అత్తేమో పొర పడే వైపే గీస్తుంది. ఈమె అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇంత చదువూ చదివి గాజుకు ముందేదో వెనకేదో కనుక్కోలేకపోయినందుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

గీత పైకి ఉండేలా ముక్కను యంత్రంలో పెట్టింది. తెర మీద లోహపు పొర ఉందని చెప్పే శిఖరాలు ఒక్కొక్కటే లేచాయి. పరుగున వెళ్లేసరికి అత్త పీపా లోపల గుడ్డతో తుడుస్తోంది, అప్పగింతకు శుభ్రంగా ఉండాలని.

"అత్తా, తప్పు నాది. నీ పొరలన్నీ బాగున్నాయి. నేనే తిరగేసి చూశాను. డైరెక్టరుకి అందరి ముందూ నేనే చెప్తాను."

అత్త స్టూలు మీద కూలబడింది. తిట్లు పడతాయని మేనకోడలు తల వంచుకుంది. అత్త చేతి తొడుగులు లాగేసి, తన వేళ్లను చాలాసేపు చూసుకుంది.

"చేతులు వణుకుతున్నాయేమో, వయసు మీద పడిందేమో అనుకున్నానే," అంది. "ఇంట్లో గ్లాసులో పాలు పొయ్యాలన్నా భయమేసేది. డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చాను."

మేనకోడలికి ఏడుపు ఆగలేదు. "సరిగ్గా చూస్తున్నావా అని నన్ను ఒక్కసారి అడగొచ్చు కదత్తా."

"చూసేది నువ్వు కదే," అంది అత్త. "ఆ అనుమానమే రాలేదు నాకు."