వీరవేణి పేరు మీద కారు

నేను ఒక కారును. ఇప్పుడు ఉండేది పాత ఇనుము కొట్టు వెనకాల. నా పక్కనొక లారీ ఉంది, అది రోజంతా గొప్పలు చెబుతూనే ఉంటుంది. ఎన్ని రాష్ట్రాలు తిరిగిందో, ఎంతెంత బరువు మోసిందో! నీ సంగతేమిటని నన్నడిగితే నోరు విప్పను. మోసినవి చెప్పుకోవాలంటే నాకూ చాలానే ఉన్నాయి. మొయ్యనిది ఒకటుంది. అది గుర్తొస్తే తలెత్తుకోలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. సిగ్గుపడే సంగతి చెప్పుకోడానికి ముక్కూమొహం తెలియనివాళ్లే మేలు కాబట్టి మీకు చెబుతున్నాను.

పుట్టడం ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. నిమిషానికొకటి పుట్టే చోట ఆ పుట్టుక గురించి చెప్పుకోడానికేముంది? భీమవరంలో ఒక షోరూము అద్దాల వెనక పదకొండు రోజులు నిలబడ్డాను. పన్నెండో రోజున రామభద్రరాజు గారు వచ్చారు. ఆయనకి వేములపర్రులో రైసుమిల్లు ఉంది. పెద్దమనిషి, ఖాళీ చేతులతో ఎవరినీ పంపరని పేరు. పక్కనే సిద్ధాంతి గారు. రాజుగారు ధర అడగలేదు, మైలేజీ అడగలేదు, సిద్ధాంతి గారి మొహం చూశారు.

"బండి బాగుంది గానీ, మీకు అష్టమ శని నడుస్తోందండీ. ఇనుము మీ పేరున వద్దు. రోహిణి నక్షత్రంలో పుట్టిన ఆడమనిషి పేరున కొనండి, కలిసొస్తుంది" అన్నారు సిద్ధాంతి గారు.

నాలుగు చక్రాలు, ఇంజను, బ్రేకులు పెట్టి ఇంతమంది ఇంజనీర్లు నన్ను తయారుచేస్తే, నేను నడవాలంటే ఆడమనిషి నక్షత్రం కావాలట! రాజుగారి భార్యది రోహిణి కాదు. కూతురిదీ కాదు. చుట్టాల్లో ఒకావిడది రోహిణే గానీ, వాళ్లతో చెరువుగట్టు తగాదా. ఆఖరికి రాజుగారి భార్యకే తట్టింది. "మన వంటింట్లో వీరవేణి ఉందిగా! కృష్ణాష్టమి నాడు పుట్టానని చెబుతూ ఉంటుంది."

గుబ్బల వీరవేణి రాజుగారింట్లో అంట్లు తోమి, కూరలు తరిగి, వంట కూడా చేసే మనిషి. భర్త ఏడుకొండలు కల్లుగీత పనిచేసేవాడు. రవాణా ఆఫీసులో ఆమె చేత సంతకం పెట్టించారు. ఒక్కొక్క అక్షరం దిద్దుతూ పెట్టి, కలం కింద పెట్టకుండానే అడిగింది.

"దీనివల్ల నాకేమన్నా అవుద్దా అండీ?"

"నీకేమవుతుందే! కాయితం మీద పేరు, అంతే" అన్నారు రాజుగారు.

వాహన పూజ ఆమె చేతే చేయించారు, సిద్ధాంతి గారి మాట ప్రకారం. నాకు పసుపు కుంకుమ పెట్టి, ఆ వేళ్లు కొంగుకి తుడుచుకుంది. డ్రైవరు సత్తిపండు తలుపు తీసి పట్టుకుని, "ఓనరుగారూ, ఎక్కడికి పోనిమ్మంటారండీ?" అన్నాడు. "వంటింటి దాకా పోనియ్ రా, పప్పు మాడిపోతంది" అంది వీరవేణి. అందరూ నవ్వారు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే పనిలోకి వస్తూ, కొంగుతో నా అద్దం తుడిచి వెళ్లేది. నాలో ఒక్కసారి కూడా ఎక్కలేదు. అయినా నన్ను తుడిచేటప్పుడు ఆమె మొహంలో కాస్త గర్వం ఉండేది, నేను చూశాను.

ఇక ఆ మొయ్యనిదాని సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటెయ్యాలనే ఉంది.

నేను వచ్చిన ఆరో నెల, మాఘమాసం. రాజుగారి కుటుంబం పాలకొల్లులో పెళ్లికి బయల్దేరుతోంది. పట్టుచీరలు, పూలబుట్టలు. నా ఇంజను ఆడుతోంది. సిద్ధాంతి గారు ముందు సీట్లో కూర్చున్నారు. అప్పుడు వీధిలోంచి కేకలు. ఏడుకొండలు తాడిచెట్టు మీంచి పడ్డాడు. నలుగురు అతన్ని చాప మీద వేసుకుని తెచ్చి గేటు దగ్గర దించారు. తల కింద చాపంతా తడిసిపోయింది. వీరవేణి చేతులు జోడించలేదు, ఏడవలేదు. "అయ్యగారండీ, కారు" అంది. అంతే అంది.

రాజుగారు కదిలారు. ఆయన చెడ్డమనిషి కాదు, ఆ మాట నేనెక్కడైనా చెబుతాను. ఆయనే వచ్చి నా వెనక తలుపు తెరిచారు. అప్పుడు సిద్ధాంతి గారు కిటికీలోంచి తల బయటపెట్టి మెల్లిగా అన్నారు: "శుభకార్యానికి పోతూ బండికి నెత్తురు తగలనిస్తారా? కొత్త బండి. ఆలోచించుకోండి."

రాజుగారి చెయ్యి నా తలుపు మీదే ఆగిపోయింది. తర్వాత, "సత్తిపండూ, పరిగెత్తరా, ఆటో పిలుచుకురా" అన్నారు.

ఆటో వచ్చేసరికి అరగంట దాటింది. ఏడుకొండలు కాలువ లాకుల దగ్గరే ప్రాణం వదిలాడని మర్నాడు విన్నాను. ఆసుపత్రి అక్కడికి రెండు మైళ్లు. నేనైతే ఎప్పుడో చేర్చేసేదాన్ని. నా సీట్లకి షోరూములో తొడిగిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా అలాగే ఉన్నాయి, రాజుగారు వాటిని తీయనిచ్చేవారు కాదు. ఎంత నెత్తురు పడినా రెండు చెంబుల నీళ్లు పోస్తే పోయేది. నడవడం నా చేతుల్లో లేదని నాకు నేను చెప్పుకోవచ్చు. చెప్పుకున్నాను కూడా. కానీ తలుపు తెరిచి ఉంది, ఇంజను ఆడుతోంది, కాయితం మీద నేను ఆమె కారును. నేను పెళ్లికి వెళ్లాను. అక్కడ నా మీద పన్నీరు చల్లారు.

కర్మకాండల ఖర్చంతా రాజుగారే పెట్టుకున్నారు. పదమూడో రోజు దాటాక వీరవేణి మళ్లీ వంటింట్లోకి వచ్చింది. పిల్లల్లేని మనిషి, ఎక్కడికి పోతుంది? ఆ రోజు నుంచి నా అద్దం తుడవలేదు. నేను వీధివైపు ఉంటే ఆమె దొడ్డివైపు నుంచి వచ్చేది.

ఏళ్లు గడిచాయి. సిద్ధాంతి గారు కాలం చేశారు, మిల్లు మూతపడింది, రాజుగారు టౌనుకి మారిపోయారు. నన్ను మిల్లు షెడ్డులో వదిలేశారు; ఊళ్లో సంగతులు అప్పుడప్పుడు సత్తిపండు వచ్చి చెబితేనే నాకు తెలిసేవి. నా డిక్కీలో కోడిపెట్ట కాపురం పెట్టింది. వీరవేణికి వితంతు పింఛను వస్తూ ఉండేది. అరవై దగ్గరపడ్డాయి, షుగరు వచ్చింది. బియ్యానికీ మందులకీ ఆ పింఛనే ఆధారం. ఒకటో తారీకు తెల్లారేసరికి ఆమె అరుగు మీద కూర్చునేది.

ఒక నెల పింఛను తెచ్చే మనిషి ఆమె ఇల్లు దాటి పోయాడు. వీరవేణి గ్రామ సచివాలయానికి వెళ్లింది. అక్కడి కుర్రాడు కంప్యూటర్లోకి చూసి, "సిస్టం తీసుకోట్లేదు మామ్మగారూ. మీకు ఫోర్ వీలర్ ఉందంట" అన్నాడు.

"చెప్పులకి పిన్నీసు పెట్టుకుని తిరుగుతున్నాను బాబూ, నాకు కారేంటండీ?" అంది. అన్నాక గుర్తొచ్చింది.

నేరుగా షెడ్డుకొచ్చింది. అన్నేళ్ల తర్వాత నా ఎదుట నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేది. కోడిపెట్ట బెదిరి దిగిపోతే, దాన్ని మళ్లీ గుడ్ల మీద కూర్చోబెట్టి వెళ్లిపోయింది.

ఊళ్లోవాళ్ల సలహాలకేం తక్కువ! "టాక్సీ అని రాయించెయ్ వీరవేణీ, టాక్సీ ఉన్నోళ్లకి ఆపరంట" అన్నారు. "నేనెక్కని కారులో ఇంకోళ్లని ఎక్కించి డబ్బులు తీసుకున్నానని ఎలా చెప్పనండి?" అంది. పేరు తీసెయ్యమని రవాణా ఆఫీసుకి వెళితే, కారు ఎవరి పేరుకి మారుతుందో వాళ్లు సంతకం పెట్టాలన్నారు. రాజుగారి దగ్గరికి వెళ్లింది. ఆయన నీళ్లు నమిలారు. ఇన్నేళ్ల తర్వాత ఆ కారు నాదేనంటే ఇన్‌కంటాక్సు వాళ్లు ఊరుకుంటారా అని భయం. "ఆ పింఛను డబ్బేదో నెలనెలా నేనే పంపిస్తాలేవే" అన్నారు. రెండు నెలలు పంపారు. మూడో నెల మర్చిపోయారు. గుర్తుచెయ్యడానికి వెళ్లినప్పుడు వీరవేణి అన్న మాట సత్తిపండు విని వచ్చి చెప్పాడు: "మీరిచ్చేది మీకు గుర్తుంటే వత్తాదండి. అది ఒకటో తారీకున వచ్చేదండి. నాకు అదే కావాలండి."

మూడు అర్జీలు పెట్టింది. మూడింటికీ ఒకటే జవాబు: నాలుగు చక్రాల వాహనం కలిగి ఉన్నందున అనర్హురాలు. ఆ నాలుగు చక్రాల్లో గాలి ఉందో లేదో చూడ్డానికి ఒక్కరూ రాలేదు. ఈలోగా ఆమె రొయ్యల షెడ్డులో పనికి కుదిరింది. ఐసులో చేతులు పెట్టి రొయ్యలు వలవాలి. షుగరు మనిషికి వేళ్ల మీద పుళ్లు లేచి మానలేదు. మాత్రలు రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడొచ్చింది ఎస్తేరు రాణి. పేదవాళ్లకి ఫీజు లేకుండా కేసులు చూసే లాయరు, బడిలో శిబిరం పెడితే వీరవేణి వెళ్లి కలిసింది. ఆ అమ్మాయి వీరవేణిని స్కూటరెక్కించుకుని షెడ్డుకొచ్చి, నన్ను చుట్టూ తిరిగి ఫోటోలు తీసింది. బానెట్ మీద కాయితాలు పరుచుకుని కూర్చుంది. నా జన్మకి చేసిన మంచిపని ఏదైనా ఉంటే, ఆ పూట బల్లలా పనికిరావడమే.

"నోటీసు ఇవ్వలేదు, మిమ్మల్ని అడగలేదు, కారు చూడలేదు. అలా ఆపెయ్యడానికి లేదండీ. హైకోర్టులో వేద్దాం. కారు ఎవరు కొన్నారో రాసేద్దాం" అంది.

"అయ్యగారి పేరు రాయకండమ్మా. ఆళ్లింటి ఉప్పు తిన్నాను."

"ఆ ఉప్పేసి వండింది మీరేగా!"

వీరవేణి నవ్వింది గానీ ఒప్పుకోలేదు. రాజుగారి పేరు లేకుండానే కేసు వేశారు. ఎనిమిది నెలలు పట్టింది. ఒకరోజు ఎస్తేరు రాణి మళ్లీ షెడ్డుకొచ్చి, కోర్టులో జరిగింది వీరవేణికి అభినయించి చూపించింది. "ఆ కారుని మీవాళ్లెవరైనా చూశారా?" అని జడ్జిగారు అడిగారట. "రికార్డులో ఉందండీ" అన్నాడట ప్రభుత్వం తరఫు వకీలు. "అయితే రికార్డు చూసిన కళ్లతోనే కారుని కూడా చూసి రమ్మనండి. ఆమె చెప్పేది వినండి. నాలుగు వారాల్లో మళ్లీ తేల్చండి" అన్నారట.

చెప్పిన గడువుకి రెండు రోజుల ముందు అధికారి వచ్చాడు. షెడ్డు రాజుగారిది కాబట్టి ఆయన్నీ పిలిపించారు. చేతికర్ర పట్టుకుని, సత్తిపండు భుజం ఆసరాగా వచ్చారు. అధికారి నా నంబరు రాసుకున్నాడు, టైర్లు నొక్కి చూశాడు, కోడిపెట్టకి కూడా ఒక ఫోటో తీశాడు.

"చూడండమ్మా, నడవట్లేదన్నది సరే. నాకు కావాల్సింది ఒక్క మాట. ఈ కారు మీదేనా, కాదా?"

ఎస్తేరు రాణి వీరవేణి మోచెయ్యి పట్టుకుంది. కాదంటే, మరి ఎవరిదని అడుగుతారు. అవునంటే పింఛను పోయినట్టే, ఆ పుళ్ల చేతులు మళ్లీ ఐసులోకే. ఆమె రాజుగారి వైపు చూసింది. రాజుగారు తన చెప్పుల వైపు చూసుకున్నారు.

"నాదైతే మా ఆయన బతికుండేవోడండి" అంది వీరవేణి.

అధికారికి అర్థం కాలేదు, కలం ఆగిపోయింది. అర్థమైనవాళ్లం ముగ్గురమే: రాజుగారు, సత్తిపండు, నేను. రాజుగారు అక్కడున్న తవుడు బస్తా మీద కూలబడ్డారు.

"రాసుకోండి. కారు నాది. ఆవిడ పేరు నేనే వాడుకున్నాను. ఏ సంతకం కావాలన్నా పెడతాను."

ఆవిడ అన్నారు. నేను విన్నంతలో వీరవేణిని ఆయన అలా అనడం అదే మొదలు.

పని అయ్యాక అధికారి ఫోను తీశాడు. "మామ్మగారూ, కారు మీద చెయ్యి వేసి నిలబడండి. ఫోటో పెట్టాలి."

వీరవేణి నాకు రెండు బారల దూరంలో నిలబడింది. "ఇక్కడ్నుంచే తీసుకోండి బాబూ" అంది. దగ్గరికి రాలేదు. రమ్మని అడిగే మొహం నాకూ లేదు.

మరుసటి నెల ఒకటో తారీకున ఆమె ఇంటి ముందు పింఛను మనిషి ఆగాడని సత్తిపండు చెప్పాడు. నన్ను ట్రాలీకెక్కించి ఈ కొట్టుకి తీసుకొచ్చింది అతనే. కొట్టు యజమాని నా వెనక తలుపు పీకి, సీట్లు బయటికి లాగి, ఇన్నేళ్ల మట్టి పట్టిన ఆ ప్లాస్టిక్ కవరుని చింపాడు. కింద గుడ్డ షోరూములో ఉన్నట్టే తెల్లగా ఉంది.

"పదహారేళ్ల బండిరా ఇది! ఎంత అపురూపంగా చూసుకున్నారో చూడు, ఒక్క మరక లేదు" అన్నాడు.

సత్తిపండు తల తిప్పుకుని ట్రాలీ తాడు చుట్టుకోసాగాడు. నిజమే, ఒక్క మరక లేదు. అందుకే పక్క లారీ అడిగినప్పుడు నేను నోరు విప్పను.