ఇచ్చినవి ఇచ్చినట్టు

నలభయ్యో స్క్రూ కూడా ఆగకుండా పైకప్పు పలకలోకి దిగింది. నిచ్చెన మీద ఓబయ్య తనలో తాను నవ్వుకున్నాడు. రేణిగుంట రోడ్డులో కడుతున్న ఆ లాడ్జిలో పగలంతా కరెంటు ఉండదు, స్క్రూలు బిగించాలంటే బ్యాటరీ మిషనే గతి. మేస్త్రీ గిరిప్రసాద్ కొత్తవాళ్లకు కొత్త బ్యాటరీలిస్తాడు. ఓబయ్యకు వాళ్లు వాడి చంపేసినవి ఇస్తాడు. పది స్క్రూలకే ఆగిపోతాయవి, ఆపైన చేత్తో తిప్పుకోవలసిందే. ముప్పై ఏళ్లు తిప్పి తిప్పి కుడిభుజం ఎంత పాడైందంటే, పొద్దున చొక్కా తొడగాలన్నా భార్య గురవమ్మ సాయం పట్టాలి.

అందుకే ఆదివారమంతా వడమాలపేటలో ఇంటి ముందు కూర్చుని, చచ్చిన మూడు బ్యాటరీలు విప్పాడు. చిన్న బల్బు పెట్టి లోపలి ఒక్కో సెల్లునూ పరీక్షించాడు. ఏది ఏ డబ్బాదో పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, మూడింటిలో బతికున్న పన్నెండు ఏరి, టంకం పెట్టి ఒక మంచి బ్యాటరీ చేసుకున్నాడు. మిగిలిన డబ్బాలూ చచ్చిన సెల్లులూ మేస్త్రీకి అప్పజెబుదామని సంచిలో తెచ్చాడు.

గిరిప్రసాద్ కింద నిలబడి చూశాడు. "బలే పరిగెత్తతా ఉండాదే. దాన్ని ఆ కొత్త పిల్లోడు సునీల్‌కియ్యి ఓబయ్యా, వాడు బిరీన ముగిస్తాడు. నువ్వు చేత్తో తిప్పేదానికి అలవాటు పడినోడివే గదా."

"నేను బాగు చేసుకున్నాను సార్ దీన్ని. నా బుజం పోతా ఉండాది."

"బ్యాటరీ నీదా, నాదా?"

ఓబయ్య ఇచ్చేశాడు. ఒళ్లు మండిపోయింది. బ్యాటరీ ఆయనదే, కాదనలేదు. దాన్ని బతికించిన చెయ్యి ఎవరిది?

మధ్యాహ్నమంతా చేత్తోనే తిప్పాడు. మూడింటికల్లా కుడిచెయ్యి చెవి దాకా కూడా లేవలేదు. ఎడమచేత్తో మోచేతిని ఎత్తి పట్టుకుని తిప్పాడు. పక్కగదిలో సునీల్ మిషను మోగినప్పుడల్లా పళ్లు కొరికాడు.

ఆరింటికి పనివాళ్లందరూ వెళ్లారు. కరెంటు వచ్చింది. మిషన్లను చార్జింగుకు పెట్టే పని రోజూ ఓబయ్యదే. సంచిలోని టంకం కడ్డీ వేడి చేసి, ఆ మంచి బ్యాటరీని విప్పాడు. తొందరపడలేదు. గుర్తు చూసుకుంటూ ఏ సెల్లును ఆ డబ్బాలోనే, చచ్చినవాటి పక్కనే అతికించాడు. ఒక్కటి కూడా జేబులో వేసుకోలేదు.

లాడ్జి ఊడ్చే కుప్పమ్మ చీపురు ఆపి చూసింది. "పొద్దున వస్తావు గదా ఓబయ్యన్నా?"

"రాను కుప్పమ్మా. ఆయనిచ్చినవి ఆయనకిచ్చేసినానని చెప్పు."

చెప్పులేసుకుని వడమాలపేట మీదుగా పోయే పుత్తూరు బస్సుకు వెళ్లిపోయాడు.

కిటికీ గట్టు మీద మూడు బ్యాటరీలు వరసగా ఉన్నాయి. దుమ్ము తుడిచి, మూతలు బిగించి, గిరిప్రసాద్ ఇచ్చిన రోజు ఎంత చచ్చి ఉన్నాయో అంతే చచ్చి.