గుండీ ఉన్న ట్రేలు

భార్య ఆస్పత్రిలో చేరిన ఎనిమిదో రోజు పొద్దున, నారుకు నీళ్లు చల్లుతూ చల్లుతూ అతను ఆగిపోయాడు. క్యాన్ మూతి నుంచి నీళ్లు చెప్పుల మీద పడుతున్నా చూసుకోలేదు. చెక్కబల్ల మీద పన్నెండు ట్రేలు. ఆరింటికి మూలన చొక్కా గుండీ గుచ్చి ఉంది. ఆరింటికి లేదు. ఆరు క్యాబేజీ, ఆరు క్యాలీఫ్లవర్. ఇవాళే అమ్మకం మొదలు. గుండీ దేనికి గుర్తో అతనికి తెలియదు.

ముప్ఫై ఏళ్లుగా విత్తేది ఆమె, పెంచేది అతను. కొబ్బరి పొట్టు తడపడం, నీడవల సర్దడం, ఆకుల అడుగున పురుగు గుడ్లుంటే వేలితో నలపడం, అమ్మే ముందు వారం పాటు నీళ్లు తగ్గించి ఎండ చూపించి మొక్కను రాటుదేల్చడం అతని పని. కొనేవాళ్లు వస్తే ఆమె చెయ్యి చాపి చూపేది. అతను ఎత్తి ఇచ్చేవాడు.

కళ్లద్దాలు పైకి తోసి చూశాడు. క్యాబేజీ ఆకు గుండ్రం, క్యాలీఫ్లవర్ ఆకు కాస్త పొడుగు. ఒకప్పుడు చూడగానే తెలిసేది. ఇప్పుడు గుండ్రంగా ఉన్న ఆకే రెండోసారి చూస్తే పొడుగ్గా ఉంది. ఖరీదైన విత్తనానికి గుర్తు పెట్టి ఉంటుంది, అంటే క్యాలీఫ్లవర్. కాదు, ముందు విత్తినదానికి పెట్టిందేమో, అంటే క్యాబేజీ. గుండీ ఉన్న ట్రే గేటు దాకా మోశాడు. వెనక్కి తెచ్చి, లేనిది మోశాడు.

గేటు ముందు బస్సు ఆగింది. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"బాబాయ్, డ్యూటీ దిగి సాయంత్రం వస్తా. క్యాలీఫ్లవర్ ఒక్కటే. పోయినేడు ఇంకెక్కడో కొంటే క్యాబేజీ అంటగట్టారు. పువ్వెప్పుడొస్తుందా అని నెల్లాళ్లు కాపలా కాశాను. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతోంది."

"మా దగ్గర అట్లా జరగదులే."

"అందుకే గదా పిన్నిని నమ్ముకున్నది!"

మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసి తల్లి చెవి దగ్గర పెట్టింది.

"తిన్నావా?" ఆమె గొంతు సన్నగా వినిపించింది.

"తిన్నాలే. నువ్వు?"

"నీళ్లు తగ్గించావా? జాలిపడి పోసేస్తావు నువ్వు. గారాబంగా పెరిగిన నారు మడిలో నిలబడదు."

"తగ్గించాను," అన్నాడు, తడిసిన చెప్పుల వంక చూసుకుంటూ.

అడగబోయాడు. నోటిదాకా వచ్చింది. ముప్ఫై ఏళ్లు పక్కనే ఉండి ఇదీ తెలియదా అంటుందని సిగ్గేసింది. సాయంత్రం ఎలాగూ ఆస్పత్రికి వెళ్తాడు. మంచం పక్కన కూర్చుని నవ్వులాటగా అడగొచ్చు.

"సరే, పడుకో," అన్నాడు.

నాలుగింటికి మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి కూతురి మాటల్లో సగం అర్థం కాలేదు. రెండుసార్లు "ఆఁ" అన్నాడు. ఫోన్ జేబులో వేసుకుని ట్రేల దగ్గరికి నడిచి, ఎందుకొచ్చాడో తోచక నిలబడ్డాడు.

డ్రైవర్ వచ్చేసరికి గేటు దగ్గర రెండు ట్రేలున్నాయి. ఒకదానికి గుండీ ఉంది, ఒకదానికి లేదు.

"ఇదేంటి బాబాయ్, రెండు పెట్టావు?"

"ఏది క్యాలీఫ్లవరో నాకు తెలియదురా. రెండూ నాటుకో. పువ్వు వేశాక దేనికొచ్చిందో నాకు చెప్పు."

"భలేవాడివే. పిన్నికి ఒక ఫోన్ కొడితే పోయేదానికి!"

"పిన్ని పోయిందట," అన్నాడు. "ఇందాకే అమ్మాయి చెప్పింది."

డ్రైవర్ ఎత్తిన ట్రే మళ్లీ కింద పెట్టాడు. అతని జబ్బ పట్టుకుని, "పద బాబాయ్," అన్నాడు.

షెడ్డు చివర, ఆస్పత్రికి వెళ్లే ముందురోజు ఆమె విత్తిన ట్రే ఒకటి ఉంది. ఒక్కో గుంటలో రెండేసి మొలకలు లేచాయి. బలమైనది ఉంచి రెండోది గిల్లేయాలి. ఆ పని ఇంకా కాలేదు.