ఆఖరి ప్లగ్

మందు కొట్టే పంపు ప్లగ్ ఎవరు తెచ్చినా మా అబ్బా చేసే పని ఒకటే. విప్పుతాడు, ఎమరీ కాగితంతో మొన గీకుతాడు, స్టవ్ మంట మీద కాలుస్తాడు, బల్లకేసి తట్టి మళ్లీ బిగిస్తాడు. పంపు మోగుతుంది. మిరప చేలకు పురుగు పట్టే రోజుల్లో గురజాల రోడ్డు మీద మా షాపు ముందు తైవాన్ పంపులు వరసగా ఉంటాయి. గులాం మొహిద్దీన్ చేతిలో పడితే చచ్చిన ఇంజన్ కూడా లేస్తుందని ఊళ్లో అంటారు.

అందుకే రోహిణి మేడం విమానం ఇంజన్‌ను నా చేతికిచ్చి, "మీ నాన్నగారికి చూపించు ఫర్జానా" అంది.

మేడం మా హైస్కూల్లో సైన్సు చెబుతుంది. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో ఎగరేసిన చిన్న విమానాన్ని మా కోసం తెచ్చింది. దానికి రెండు సన్నని ఉక్కు తీగలుంటాయి. మధ్యలో ఒకరు నిలబడి ఆ తీగల హ్యాండిల్ పట్టుకుంటే విమానం వాళ్ల చుట్టూ ఎగురుతుంది. దాంతోపాటు వాళ్లూ తిరుగుతూనే ఉండాలి. తాడుకు నీళ్ల సీసా కట్టి ప్రాక్టీసు చేయించినప్పుడు క్లాసులో అందరికీ కళ్లు తిరిగాయి. వంశీ అయితే గోడ పట్టుకుని కూలబడ్డాడు. నాకు తిరగలేదు. హాజరు పిలిస్తేనే గొంతు పెగలని నన్ను చూసి మేడం, "నరసరావుపేటలో హ్యాండిల్ నీదే" అంది.

నరసరావుపేటలో సైన్సు ప్రదర్శన రేపే. ఇంజన్ నడవకపోతే విమానాన్ని తాడుకు వేలాడదీసి పక్కన చార్టు పెడతారట. ఆ చార్టు పక్కన నిలబడి వచ్చినవాళ్లందరికీ వివరాలు చెప్పడం నావల్ల కాదు. ఎగరేయడమైతే అవుతుంది. ఎగరేసేటప్పుడు ఎవరూ మాట్లాడమని అడగరు.

ఇంజన్ పిడికిలంత ఉంటుంది. దాని ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టదు. లోపల వెంట్రుకంత తీగ చుట్ట ఉంటుంది. చిన్న బ్యాటరీ క్లిప్పు తగిలిస్తే ఆ చుట్ట ఎర్రగా కాలుతుంది, ఇంజన్ అంటుకుంటుంది. అంటుకున్నాక క్లిప్పు తీసేయాలి. లోపలి వేడికే చుట్ట ఎర్రగా నిలవాలి. ఇంజన్ జబ్బంతా అక్కడే. క్లిప్పు ఉన్నంతసేపు నడుస్తోంది, తీయగానే ఆగిపోతోంది. మేడం ప్లగ్ విప్పి చూస్తే చుట్ట తెల్లగా పొక్కులు కట్టి, సగమే ఎర్రబడుతోంది. ప్లగ్ పాడైందని తేల్చి, తన దగ్గరున్న ఆఖరి ప్లగ్‌ను దూదిలో చుట్టి ఇచ్చింది. ఇంకొకటి కావాలంటే హైదరాబాద్ నుంచి రావాలి.

ఇంజన్ అబ్బా ముందు పెట్టి, బడిసంచి ఇంట్లో పడేసి షాపులోకి వచ్చేసరికి అబ్బా పాత ప్లగ్ విప్పేశాడు, గీకేశాడు కూడా.

"ఏంది బేటీ ఇది, మొన దగ్గర గ్యాపే లేదు. లోపల వెంట్రుకలాంటిదేదో ఉంటే చెత్తనుకుని గీకా" అన్నాడు. చుట్ట తెగి ఎమరీ కాగితానికి అంటుకుని ఉంది.

ఎలాగూ పాడైన ప్లగ్గే కదా అనుకుని, దూదిలోని ప్లగ్‌ను క్లిప్పుకు పెట్టి చూశాను. చుట్ట మొత్తం నారింజ రంగులో కాలింది. ఇంజన్‌ను వైస్‌కు బిగించి, ప్లగ్ పెట్టి, రబ్బరు చుట్టిన పుల్లతో ముందున్న ఫ్యాన్‌ను కొట్టాను. అంటుకుంది. క్లిప్పు తీశాను. ఆగిపోయింది.

మళ్లీ తిప్పాను. మళ్లీ ఆగిపోయింది. ఇంధనం వదిలే సూదిని కొంచెం బిగించి చూశాను, వదులు చేసి చూశాను. అదే వరస.

బల్ల మీద నాగేశ్వరరావు బాబాయ్ తన పంపును కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. "మొద్దీన్ అన్నా, ఈ దోమ ఇంజన్ సంగతి తర్వాత చూద్దూగానిలే. అవతల నా చేలో పురుగులు పెళ్లి భోజనాలు చేస్తన్నయి" అన్నాడు.

"ఉండు తమ్ముడూ, రేపు పిల్ల పేటకి పోవాల." అబ్బా నావైపు చెయ్యి చాపాడు. "ఇదీ మసి పట్టుంటది. ఇటియ్యి, ఈసారి మెల్లగా గీకుతా."

రెండో చేతిలో ఎమరీ కాగితం ఉంది.

నేను ఇంజన్ తలను అరచేత్తో మూశాను. అది ఇంకా వేడిగానే ఉంది.

"వద్దబ్బా."

"ఏందే?"

"ప్లగ్‌ది తప్పు కాదు. నువ్వు గీకితే ఇది కూడా తెగిపోద్ది."

బాబాయ్ నవ్వాడు. "ఓరి నీ, పిల్లకి నోరుందే. ఇన్నాళ్లూ మూగదనుకున్నా."

షాపులో పనివాళ్ల ముందు, రైతుల ముందు అబ్బాను కాదన్నవాళ్లు ఎవరూ లేరు. చెయ్యి తీసేద్దామనిపించింది. తీస్తే రేపు చార్టు పక్కన నిలబడాలి. తీయలేదు.

"ప్లగ్‌ది కాకపోతే ఎవురిది?" అన్నాడు అబ్బా. గొంతు కొంచెం గట్టిపడింది.

"తెలవదు. చూస్తా."

"పాత ప్లగ్ ఆగింది. ఇదీ ఆగింది. ఇంకేం చూస్తావు?"

"పాతది సగమే ఎర్రగయ్యేది. ఇది మొత్తం ఎర్రగయింది కదబ్బా. మంచిదానికి, చెడ్డదానికి ఒకటే జబ్బెట్టా ఉంటది?"

అబ్బా ఎమరీ కాగితాన్ని కింద పెట్టలేదు.

క్లిప్పు పక్కన పెట్టి ఫ్యాన్‌ను చేత్తో మెల్లగా తిప్పాను. బరువుగా ఆగి దాటాల్సిన చోట సులువుగా దాటిపోతోంది. దాటేటప్పుడు సుయ్‌మని సన్నని చప్పుడు. బడిలో తిప్పినప్పుడు ఆ చప్పుడు లేదు. నూనె డబ్బా తీసుకుని ప్లగ్ మొదట్లో చుట్టూ చుక్కలు వేశాను. మళ్లీ తిప్పాను. నూనెలో బుడగలు లేచాయి.

అబ్బా వంగి చూశాడు. "ఇంకోసారి తిప్పు."

తిప్పాను. ఇంకో బుడగ లేచి పగిలింది.

"కంప్రెషన్ పోతంది" అన్నాడు. గాలి ఒత్తిడి అలా కారిపోతుంటే లోపల వేడి నిలవదు, చుట్ట చల్లబడిపోతుంది. అది ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

ప్లగ్ విప్పాను. కింద ఏమీ లేదు. "దీనికి వాషర్ ఉండాల కదబ్బా?"

అబ్బా పాత బిస్కెట్ డబ్బా దించి బల్ల మీద బోర్లించాడు. షాపులో రాలిన రాగి, ఇత్తడి ముక్కలన్నీ అందులోకే పోతాయి. పంపు ప్లగ్‌కు వాషర్ అంటుకునే ఉంటుంది; ఊడి పడిందంటే అది తెగిన రింగే, డబ్బాలోకి పోవాల్సిందే.

"పాతది విప్పగానే ఏందో టింగుమని పడింది. తెగిందేమో అనుకున్నా" అన్నాడు.

"మా ఇంజన్ భాగాలు కూడా ఇంతకుముందు ఆ డబ్బాలోకే పొయినయ్యా అన్నా?" అన్నాడు బాబాయ్.

"నీ ఇంజన్లో డబ్బాలో ఎయ్యడానికి ఏం మిగిలిందిలే."

ముక్కలన్నీ వేలితో నెట్టుకుంటూ వెతికాను. చిన్న రాగి రింగు దొరికింది. ప్లగ్‌కు తొడిగితే సరిగ్గా కూర్చుంది. బిగించబోతుంటే అబ్బా ఆపాడు.

"అట్టనే పెట్టమాక. ఒకసారి నలిగిన రాగి గట్టిపడతది. కాల్చాల."

రింగును పట్టకారతో పట్టుకుని స్టవ్ మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేశాడు. సుర్రుమంది. తీసి నా అరచేతిలో పెట్టాడు. మెత్తగా, గులాబి రంగులో ఉంది. ప్లగ్‌ను కాల్చే అదే మంట మీద అబ్బా ఇలా వాషర్ కాలుస్తాడని నేనెప్పుడూ గమనించలేదు.

బిగించాను. నూనె చుక్కలు వేసి తిప్పాను. బుడగ లేదు. ఫ్యాన్ ఒకచోట గట్టిగా ఎదురు తన్నింది.

క్లిప్పు పెట్టి పుల్లతో కొట్టాను. మొదటిసారే అంటుకుంది. క్లిప్పు మీద వేళ్లు ఉంచి కాసేపు ఆగాను. లాగేశాను.

చప్పుడు కొంచెం తగ్గింది. నేను సూదిని రవ్వంత తిప్పాను. చప్పుడు మళ్లీ లేచి, సన్నగా, కోపంగా ఒకే తీరున నిలిచింది. ఇంధనంలో కలిపిన ఆముదం కాలిన వాసన షాపంతా నిండింది. బల్ల మీద రాగి ముక్కలు గలగలలాడాయి. అబ్బా ఏదో అన్నాడు కానీ వినిపించలేదు. చిన్న ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఆపకుండా నడిపించాను.

ఆగిపోయాక చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. అబ్బా నాగేశ్వరరావు బాబాయ్ పంపు ప్లగ్ విప్పి, ఎమరీ కాగితంతో సహా నా ముందుకు చాపాడు.

"చెప్పు మేస్త్రీ. దీన్ని గీకాల్నా వద్దా?"

మొన నల్లగా, లావుగా మసి కట్టి ఉంది.

"దీన్ని గీకాలబ్బా" అన్నాను. ఎదురుగా రోడ్డు మీదివాళ్లకు కూడా వినిపించి ఉంటుంది.