కుముయార్వి మంచు మీద రెండు గుండెలు

తూరె పొద్దున్నే కాఫీ తాగడమంటే అల్లాటప్పా వ్యవహారం కాదు. పెళ్ళాం హెల్వి పొయ్యి మీద పెట్టిన కెటిల్ని అతను ఖాళీ చేసే జోరుకి ఎక్కడో బ్రెజిల్ తోటల్లో అదనంగా కూలీల్ని పెట్టుకోవాల్సి వచ్చేదట. కాఫీ అయ్యాక యాలకుల బన్ను, బన్ను అయ్యాక మంచు మీద జారే స్కీల అడుగుకి మైనం రుద్దడం, మైనం అయ్యాక గుమ్మంలో నిలబడి ఆకాశాన్ని నిలదీస్తున్నట్టు ఓ చూపు చూడటం. ఆ తరవాత సరస్సు మీదికి దిగేవాడు.

వయసులో ఉన్నప్పుడైతే ఆ మనిషిని పట్టుకోవడానికి గాలికి కూడా ఆయాసం వచ్చేది. పొద్దున బయల్దేరి అవతలి ఒడ్డు చుట్టి ఇంటికొచ్చి సూపు తాగుతుంటే, అతని నీడ అప్పుడే రొప్పుకుంటూ గుమ్మం ఎక్కేది. స్కీల మీద ఉన్నంతసేపూ నోట మాట ఉండేది కాదు. ఎవరైనా అడ్డం ఉంటే మాత్రం "దారి!" అని ఒక్క అరుపు అరిచేవాడు. ఆ అరుపుకి రెయిన్‌డీర్లు కూడా మర్యాదగా పక్కకి తప్పుకునేవి.

కుముయార్వి సరస్సు నవంబరులో గడ్డ కడితే మే దాకా కరిగేది కాదు. ఆ గడ్డ మీద ఎవరు నడిచినా, ఎవరు జారినా, వాళ్ళ గుండె చప్పుడు మంచు అడుగునుంచి డోలు మోతలా ఒడ్డుకి వినపడేది. మంచు మీదున్న మనిషికి మాత్రం ఏమీ వినిపించేది కాదు. ఒడ్డున కట్టెలు కొట్టేవాళ్ళకీ, తివాచీలు దులిపేవాళ్ళకీ, వంటింట్లో పిండి పిసికేవాళ్ళకీ అన్నీ వినపడేవి. ఏ పిల్ల గుండె ఏ ఇంటి ముందుకొచ్చేసరికి గంతులేస్తుందో ఊరందరికీ తెలుసు. విన్నది బయటికి అనడం మాత్రం మర్యాద కాదు. పక్కింటి కిటికీలోకి తొంగిచూడటం ఎలాంటిదో, నీ గుండె ఇలా కొట్టుకుంటోందని మనిషి మొహం మీద చెప్పడం అలాంటిది.

మొగుడూ పెళ్ళాల మధ్య ఈ మర్యాద లేదు. అందుకే నిరుడు చలికాలంలో హెల్వి కుండబద్దలు కొట్టేసింది. "ఏమయ్యా, నీ గుండె విరిగిన బండిచక్రంలా వినపడుతోంది. పద ఆసుపత్రికి."

ఆ మాట పుణ్యమా అని ఆపరేషన్ జరిగింది, మనిషి దక్కాడు. మళ్ళీ నవంబరు వచ్చి సరస్సు గడ్డ కట్టగానే ఆరోగ్య కేంద్రంలో నర్సు పిర్కో మాత్రం నిక్కచ్చిగా చెప్పింది. "మీరు స్కీలు కట్టుకోవచ్చు. కట్టుకుంటేనే గుండె కుదురుకుంటుంది కూడా. కానీ నెమ్మదిగా వెళ్ళాలి. పక్కనున్న మనిషితో కబుర్లు చెబుతూ వెళ్ళగలిగేంత నెమ్మదిగా."

తూరె బుద్ధిమంతుడిలా తలూపాడు. నెల తిరిగేసరికి పరీక్ష చేస్తే గుండె మళ్ళీ అలిసిపోయి ఉంది.

"కబుర్లు చెప్పగలిగే వేగంలోనే వెళ్ళారా?" అంది పిర్కో.

"ఆ వేగంలోనే."

"ఏం కబుర్లు చెప్పారు?"

"చెప్పలేదు."

"పక్కనెవరూ లేరా?"

"కౌకో ఉన్నాడు. రోజూ ఉంటాడు."

"మరి మాట్లాడలేదేం?"

"మాట్లాడేదేముంది?" అన్నాడు తూరె, నిజంగానే ఆశ్చర్యపోయి.

పిర్కో నెత్తి కొట్టుకుంది. మాట్లాడని మనుషులకి మాటల కొలత ఇచ్చినందుకు తనని తనే తిట్టుకుని, సొరుగులోంచి ఒక ఛాతీ పట్టీ, ఒక వాచీ తీసింది. పట్టీ గుండెని వింటుంది, వాచీ ఆ వేగాన్ని అంకెల్లో చూపిస్తుంది. "నిమిషానికి నూట ఇరవై. దాటితే ఇది కూస్తుంది. కూసిందంటే ఆగిపోవాలి. మార్చి నెలాఖరుకి వచ్చి ఈ వాచీ నాకు చూపించండి. మీ గుండె ఎంతవరకు ఎగిరిందో అందులో ఉంటుంది. దాటిందా, ఆ స్కీలు అటక ఎక్కాల్సిందే, ఇక జన్మలో దింపేది లేదు."

తూరె దృష్టిలో స్కీలు అటకెక్కడమూ, తను శవపెట్టెలోకెక్కడమూ ఒకటే.

అప్పుడు మొదలైంది అవమానాల కాలం. కాస్త మిట్ట వస్తే చాలు, వాచీ పిచ్చుకలా కూసేది. ఒకప్పుడు కొండల చేత వంగి సలాము చేయించిన మనిషి ఇప్పుడు వాటి ముందు ఆగి, ఊపిరి లెక్కపెట్టుకుంటూ నిలబడేవాడు. ఒకరోజు చర్చి దగ్గరి ముసలావిడ కిరాణా సంచీతో నిలువు స్లెడ్జిని, ముందు కుర్చీ ఉన్న మంచుబండిని, కాలితో తోసుకుంటూ వెనకనుంచి వచ్చి, "దారి!" అంది. తూరె దారి ఇచ్చాడు. ఆ రోజు ఇంట్లో సూపు ముట్టలేదు.

కౌకో మాత్రం అంటిపెట్టుకునే ఉన్నాడు. పక్కింటివాడు, పెళ్ళి చేసుకోలేదు, తల్లి పోయినప్పటినుంచీ ఒక్కడే. ఏటిలో దుంగలు తేల్చే పని చేసి, చేసి, చేతులు దుంగల్లాగే తయారయ్యాయి. పుట్టినప్పుడు తప్ప డాక్టరు మొహం చూడలేదని అతని గొప్ప. తూరెకి పట్టీ వచ్చిన వారానికల్లా తనూ అచ్చం అలాంటిదే కొని తగిలించుకున్నాడు.

"నీకెందుకురా?" అన్నాడు తూరె.

"నీకుంటే నాకుండకూడదా?"

కొన్నాడు గాని ఒక్కనాడూ చూసుకోలేదు. కూత ఆపేసిన వాచీ ఉన్ని చేతితొడుగు కింద నిద్రపోయేది. "నా గుండె సంగతి నాకు తెలీదా?" అనేవాడు.

వింత ఏమిటంటే, అంత నెమ్మదైన నడకే తూరెని మళ్ళీ మనిషిని చేసింది. డిసెంబరులో నూట పది దగ్గర పడవలరేవు దాకా తీసుకెళ్ళిన గుండె, జనవరిలో అదే నూట పది దగ్గర ఇంకా అవతల, సరస్సులోకి పొడుచుకొచ్చిన పైన్ చెట్ల ముక్కు దాకా తీసుకెళ్ళింది. ఫిబ్రవరికల్లా మిట్టలెక్కినా వాచీ కిమ్మనలేదు. "పరిగెత్తితే గుండె పారిపోతుంది, పిలిస్తే వస్తుంది" అని హెల్వితో అన్నాడు. పెళ్ళయ్యాక అంత పొడుగు మాట అతని నోట రావడం అదే మొదలని ఆమె కాఫీ మరోసారి పోసింది.

మార్చిలో ఒక ఆదివారం. మంచు చక్కెర పలుకులా మెరుస్తోంది. పక్కపక్కనే రెండు స్కీ గాడులు. వాటిలో తూరె, కౌకో, చేయి చాస్తే అందేంత దూరంలో, ఎప్పట్లాగే నోళ్ళు కుట్టేసుకుని జారుతున్నారు. సరస్సు మధ్యకి వచ్చారు. వాచీ కూసింది.

తూరె చూశాడు. నూట డెబ్బై ఒకటి.

వేగం తగ్గించాడు. నూట అరవై ఎనిమిది. ఇంకా తగ్గించాడు. తొంభై. హమ్మయ్య అనుకునేలోపు నూట డెబ్బై ఐదు. పూర్తిగా ఆగిపోయాడు. నిలబడ్డ మనిషికి వాచీ గొంతు చించుకుని కూస్తోంది. ఒంట్లో నొప్పి లేదు, ఆయాసం లేదు. మరణం ఇంత మర్యాదగా వస్తుందా అనుకున్నాడు తూరె. స్కీలు విప్పి మంచు మీద కూర్చున్నాడు.

"ఏమైందిరా?" అన్నాడు కౌకో.

"నా పని అయిపోయింది. చూడు."

కౌకో వాచీ చూశాడు. తన కోటు విప్పి మిత్రుడి భుజాల మీద కప్పి, పక్కనే కూలబడి, దుంగల్లాంటి చేతులతో గట్టిగా పొదివి పట్టుకున్నాడు. వాచీ ఇంకా రెచ్చిపోయింది.

"ఊపిరి తియ్యరా ముసలోడా. నెమ్మదిగా. నేనున్నాను."

"హెల్వితో చెప్పు..."

"నువ్వే చెప్పుకో. నాకు ఆడవాళ్ళతో మాట్లాడటం రాదు."

ఇంతలో ఒడ్డునుంచి ఒక తుపాను బయల్దేరింది. హెల్వి! కాళ్ళకి బూట్లు లేవు, ఉన్ని మేజోళ్ళే. చేతులకి రై రొట్టె పిండి. నిలువు స్లెడ్జి మీద ఒక కాలు పెట్టి, రెండో కాలితో మంచుని తన్నుకుంటూ వస్తోంది. తూరె స్కీ పందేల్లో గెల్చిన పతకాలన్నీ ఆ వేగం చూస్తే గోడ మీదనుంచి దిగి ఆమె మెళ్ళో పడేవి.

"వదులు వాణ్ణి!" అని అరిచింది. "కౌకో, ముందు నా మొగుణ్ణి వదులు!"

కౌకో బిత్తరపోయి వదిలేశాడు.

"లే" అంది తూరెతో. "లేచి అటు నడు. ఇంకా. ఇంకా దూరం. ఇప్పుడు వాచీ చూసుకో."

తూరె చూసుకున్నాడు. తొంభై ఆరు. కూత లేదు. అంకె కదలకుండా పెంపుడు కుక్కలా కూర్చుంది.

అప్పుడు అర్థమైంది అతనికి. రెండూ ఒకే అచ్చులో పోసిన పట్టీలు. మనుషులు దగ్గరదగ్గరగా ఉంటే ఏ ఛాతీ వినాలో వాచీకి తెలీదు. ఇంతసేపూ అది విన్నది తన గుండెని కాదు, పక్కనున్న కౌకో గుండెని.

హెల్వి కౌకో ముందు నిలబడింది. ఒక్క క్షణం తటపటాయించింది. తరవాత ఆ ఊళ్ళో ఎవరూ ఎవరితోనూ అనని మాట అనేసింది.

"కౌకో, నీ గుండె చప్పుడు బాగాలేదు. వారం రోజులనుంచి వింటున్నాను. చెప్పకూడదని నోరు మూసుకున్నాను. ఇవాళ మరీ వలలో చేపలా కొట్టుకుంటోంది."

కౌకో మంచు మీదనుంచి లేవబోయాడు. లేవలేకపోయాడు.

"కొంచెం... ఛాతీలో ఏదో ఎగురుతున్నట్టుంది. వారం అయింది."

"చెప్పలేదేంరా?" అన్నాడు తూరె దూరం నుంచే.

"నువ్వడగలేదుగా."

హెల్వి కౌకోని స్లెడ్జి కుర్చీలో కూచోబెట్టేసింది. తూరె తోయడానికి ముందుకొస్తే వేలు చూపించింది. "నువ్వక్కడే! నీకు నూట ఇరవై. నెమ్మదిగా వెనకాల రా." ఒక్క ఊపున ఒడ్డుకి తోసిందంటే, ఆ స్లెడ్జి గీసిన గీత మే నెల్లో మంచు కరిగేదాకా చెరగలేదు. ఆమె ఫోను చేసింది, అంబులెన్సు వచ్చింది. ఆ సాయంత్రం దాటి ఉంటే చేసేదేమీ ఉండేది కాదని పట్నం ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు.

నెలాఖరుకి తూరె వాచీ తీసుకుని పిర్కో దగ్గరికి వెళ్ళాడు. అందులో నూట డెబ్బై ఐదు భద్రంగా ఉంది. పిర్కో ఆ అంకె చూసింది, అతని మొహం చూసింది. పడుకోబెట్టి పరీక్ష చేసింది.

"ఇది మీది కాదు. మీ గుండె కుర్రాడి గుండెలా ఉంది" అంది. "స్కీలు అటకెక్కించక్కర్లేదు."

తూరె థాంక్స్ చెప్పడానికి బదులు ఆమె చేతిని ఊపీ ఊపీ భుజం నొప్పి పుట్టించి వచ్చాడు.

కౌకో ఏప్రిల్లో ఇంటికొచ్చాడు. మర్నాడే హెల్వి వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాడు. కాఫీ అయింది. బన్ను అయింది. చివరికి కప్పులోకి చూస్తూ అన్నాడు.

"ఆ చప్పుడు నాదని నీకెలా తెలిసింది?"

"ఎలా తెలియకుండా ఉంటుంది?" అంది హెల్వి. "ఈ కిటికీ సరస్సు వైపే కదా. నేనీ ఇంట్లో కాపురానికొచ్చినప్పటినుంచీ పొద్దున్నే నీ గుండె వింటున్నాను. మీ అమ్మ పోయిన చలికాలం ఎంత బరువుగా కొట్టుకునేదో! పెద్ద చేప పడ్డ రోజున ఒడ్డు దాకా గంతులే. నువ్వు రాని రోజున నాకు పిండి సరిగా పొంగేది కాదు."

కౌకో కప్పు పక్కకి జరిపాడు. ఖాళీ ఇంట్లో, ఖాళీ మంచు మీద తను ఒక్కడే ఉన్నాననుకున్న ఏళ్ళన్నీ ఒక్కసారిగా లేచి వచ్చి ఆ బల్ల చుట్టూ కూర్చున్నట్టు చూశాడు. లేచి, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే, "రేపు పొద్దున వస్తాను" అన్నాడు.

మర్నాడు పొద్దున మంచు మీద ఒక్కడే నడిచొచ్చి, ఆ కిటికీ ఎదురుగా ఆగాడు. లోపల హెల్వి కత్తి పక్కన పెట్టింది. తూరె ఊపిరి బిగబట్టాడు.

"ఎలా ఉంది?" అన్నాడు గుసగుసగా.

"నెమ్మదిగా ఉంది. బాగుంది."

హెల్వి కిటికీ తెరిచి, రెండు చేతులూ ఎత్తి ఊపింది. సరస్సు మధ్యలో కౌకో టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. చలి చెవులు కొరుకుతున్నా, ఆమె తనివితీరా వినేదాకా అలాగే నిలబడ్డాడు.