రీడైరెక్టుల్లో సారు పేరు

సకల జనుల సమ్మె రోజుల్లో జనగామలో మేమొక వెబ్‌సైటు నడిపేవాళ్లం, నేనూ మా చిన్నాయన కొడుకు నరేశ్. పేపర్లు వేయని సమ్మె ఫొటోలను ఊళ్లవాళ్లే అందులో పెట్టేవాళ్లు. సర్వర్ కిరాయి మాది. సైటు పేరు మాత్రం హైదరాబాదులో ఒక సారు తన పేరు మీద కొనిపెట్టాడు. అలా మా జుట్టు ఆయన చేతికిచ్చాం.

కురవి దగ్గరి తండా నుంచి సంగీత ఒక ఫొటో పెట్టింది. తను యాడి అని పిలిచే వాళ్లమ్మ రామి మానుకోటలో రైలు పట్టాల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సైటు తన పేరు మీదుంది కాబట్టి కేసు తన మీదికొస్తుందని, ఆ ఫొటో తీసేయమని సారు ఫోన్ చేశాడు. తీయనన్నాను. మధ్యాహ్నానికి సైటు పేరు కొడితే, మూసివేశామంటూ ఆయన పెట్టించిన పేజీ వచ్చింది.

నాకు ఒళ్లు మండింది. పేరు పోతేనేం, సర్వర్‌కు సొంత ఐపీ నంబరుంది కదా. ఆ నంబరు కొడితే మా సైటు తెరుచుకుంది. కానీ లాగిన్ కాగానే మళ్లీ సారు పేజీకే పోయి పడింది.

ఇది నరేశ్ నిర్వాకం. బండి ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ రాసుకున్న మనిషికి, సైటు పేరన్నా అంతే పిచ్చి. లాగిన్ తర్వాత ఎటు పోవాలో చెప్పే ప్రతి రీడైరెక్టులో ఆ పేరు మొత్తం రాసిపెట్టాడు.

"గా ఫొటో తీసేద్దాం అక్కా. పేరన్న దక్కుతది," అన్నాడు.

"రామి పట్టాల మీద కూసున్నా భయపడలే. నువ్వు కుర్సీల కూసొని భయపడ్తున్నవా?"

నరేశ్ కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. రీడైరెక్టుల్లో పేరంతా పీకేసి, ఫొటోల పేజీ దారి మాత్రమే ఉంచాం. బ్రౌజరు ఆ దారిని లాగిన్ పేజీ కిందే వెతుక్కుని, లేదు పొమ్మంది. దారికి ముందు ఒక స్లాష్ పెట్టాం, సైటు మొదటి నుంచి వెతకమని. అప్పుడు కుదిరింది. మనిషి ఏ అడ్రసులో వస్తే ఆ అడ్రసులోనే లోపలికి పోతున్నాడు.

సంగీతకు ఫోన్ చేసి నంబరు చెప్పాను.

"కనబడ్తున్నది అక్కా. మా యాడి కనబడ్తున్నది," అంది. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం సారు మళ్లీ ఫోన్ చేశాడు. "ఆ నంబరు కూడా మూయించగలను, తెలుసా?"

"మూయించుండ్రి సార్. ఇంకో సర్వర్ల, ఇంకో నంబరు మీద తెరుస్తం. ఇప్పుడు లోపల ఏ దారి గూడ మీ దగ్గరికి రాదు."